సండే స్కూల్లో మ్యాజిక్ చేయవచ్చా?

ప్రశ్న: ప్రభువు నామంలో వందనాలండీ. మా సంఘంలో సండే స్కూల్ నేర్పిస్తున్నాను. అయిదేళ్ల వాళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. కథ మొదలుపెట్టిన కాసేపటికే సగం మంది చూపులు కిటికీ బయట ఉంటాయి. ఈమధ్య వీడియోలు చూసి ఒక చిన్న మ్యాజిక్ నేర్చుకున్నాను. గోధుమ రంగు నీళ్లున్న గ్లాసులో ఇంకో గ్లాసు నీళ్లు పోస్తే మొత్తం తేటగా అయిపోతుంది. యేసు రక్తం మన పాపాలను కడుగుతుందని చెప్పడానికి అది చేసి చూపించాను. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. ఇంతలో తొమ్మిదేళ్ల బాబు ఒకడు లేచి, "టీచర్, కానాలో యేసు నీళ్లను ద్రాక్షారసం చేసింది కూడా ఇలాంటి ట్రిక్కేనా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. విషయం తెలిసి సంఘ పెద్ద ఒకాయన, "మ్యాజిక్ అంటే మంత్రవిద్యే. బైబిల్ వద్దన్న పని. ఆపేయమ్మా" అన్నారు. నిజంగా ఆపేయాలా? చేయవచ్చంటే ఎలాంటివి చేయాలి? రహస్యం పిల్లలకు చెప్పాలా, దాచాలా? కిట్లు కొనమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక సండే స్కూల్ టీచర్

జవాబు: వందనాలు సిస్టర్. మీరు చాలా ప్రశ్నలు అడిగారు గానీ, వాటన్నిటి కంటే పెద్దది ఆ బాబు అడిగిన ప్రశ్న. ముందు వాడి సంగతి చూద్దాం.

వాడు చాలా తెలివిగా అడిగాడు. మీ గ్లాసులో నీళ్ల రంగు మారింది, అది ట్రిక్ అని వాడికి తెలుసు. బైబిల్లోనూ నీళ్ల రంగు మారింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "అలా అడగకూడదు, తప్పు" అని కూర్చోబెట్టేస్తే ఆ ప్రశ్న పోదు. వాడితోపాటు ఇంటికి వెళ్తుంది, పదహారేళ్ల వయసులో మళ్లీ లేస్తుంది. అప్పుడు వాడు దాన్ని మీ దగ్గరికి తీసుకురాకపోవచ్చు.

వచ్చే ఆదివారం వాడిని ముందుకు పిలిచి, మీ ట్రిక్ రహస్యం అందరి ముందూ విప్పేయండి. గోధుమ రంగు గ్లాసులో ఉన్నది నీళ్లలో కలిపిన నాలుగు చుక్కల టింక్చర్ అయోడిన్. రెండో గ్లాసులో మామూలు నీళ్లలా కనిపించేది విటమిన్ సి బిళ్ల పొడి చేసి కరిగించిన నీళ్లు. విటమిన్ సి తగలగానే అయోడిన్ రంగు లేని అయొడైడ్‌గా మారుతుంది. మీరు చూసిన వీడియోలో ఫొటోలు కడిగే హైపో వాడి ఉండొచ్చు, దానితోనూ ఇదే జరుగుతుంది. ఈసారి ఆ బాబు చేతే పోయించండి. "చూశావా, నువ్వు పోసినా రంగు పోయింది. ఇందులో నా గొప్పేమీ లేదు, ఆ మందు గుణం అంతే" అని చెప్పండి.

ఆ తర్వాత యోహాను సువార్త 2వ అధ్యాయం తీయించి వాడితోనే చదివించండి. అక్కడ ఆరు రాతి బానలున్నాయి. ఒక్కోటి రెండు మూడు తూములు పట్టేది. ఇప్పటి కొలతల్లో అన్నీ కలిపి సుమారు 450 నుంచి 700 లీటర్లు. వాటిని అంచుల దాకా నింపింది పనివాళ్లు. ముంచి పట్టుకెళ్లిందీ వాళ్లే. ట్రిక్ చేసే మనిషి వస్తువును తన చేతుల్లోంచి పోనివ్వడు, చూసేవాళ్లను మరీ దగ్గరికి రానివ్వడు. కానాలో యేసు ఆ బానలను ముట్టుకున్నట్టు కూడా యోహాను రాయలేదు. 9వ వచనం దగ్గర కాస్త ఆగండి. ఆ రసం ఎక్కడి నుంచి వచ్చిందో విందు ప్రధానికి తెలియదట, నీళ్లు తోడిన పనివాళ్లకు తెలుసట. స్టేజి మీద సహాయకులకు తెలిసేది జనాన్ని ఎలా భ్రమపెట్టారన్నది. ఇక్కడ పనివాళ్లకు తెలిసింది తాము పోసినవి ఉత్త నీళ్లేనన్నది. ఈ తేడా తొమ్మిదేళ్ల వాడికి చక్కగా అర్థమవుతుంది.

పెద్ద పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పొచ్చు. లూకా 23వ అధ్యాయంలో హేరోదు యేసును చూసి తెగ సంతోషించాడు. ఏదైనా సూచక క్రియ చేస్తే చూడాలని అతనికి ఎప్పటి నుంచో ఆశ. ఆయన చేయలేదు సరికదా, ఒక్క మాటకైనా జవాబివ్వలేదు. రాజు ముందు ఒక్క అద్భుతం చేసి ఉంటే ప్రాణం దక్కేదేమో. అయినా చేయలేదు. తిరిగి లేచాడంటే నమ్మని శిష్యుడు తోమాతో మాత్రం "నీ వేలు ఇక్కడ పెట్టి చూడు" అన్నాడు. వేడుక చూడాలనుకున్నవాడికి ఏమీ దొరకలేదు, అనుమానంతో అడిగినవాడికి ముట్టుకునే అవకాశం దొరికింది. మీ బాబు తోమా వైపు మనిషి అని వాడికి చెప్పండి, సంతోషిస్తాడు.

ఇదంతా చెప్పి "కాబట్టి రుజువైపోయింది" అని మాత్రం అనకండి. చూసినవాళ్లు ఇచ్చిన సాక్ష్యం ఇది, మేం దీన్ని నమ్ముతున్నాం అని చెప్తే చాలు. పిల్లలు నిజాయితీని ఇట్టే పసిగడతారు.

ఇప్పుడు మీరు గట్టిగా పట్టుకోవాల్సిన ఒక్క నియమం చెప్తాను. బైబిల్లోని అద్భుతాన్ని ట్రిక్కుతో ఆడి చూపించకండి. నీళ్లను ఎర్రగా మార్చి ఇది కానా అనడం, ఖాళీ బుట్టలోంచి రొట్టెలు తీసి ఇది అయిదువేల మంది విందు అనడం, పెట్టెలో పెట్టిన బొమ్మను మాయం చేసి ఇది పునరుత్థానం అనడం, ఇవేవీ వద్దు. ముఖ్యంగా ఆ చివరిది. ఖాళీ సమాధిని అడుగున రహస్య అర ఉన్న పెట్టెతో చూపిస్తే, సమాధికి కూడా ఒక రహస్య అర ఉందని మనమే నేర్పినట్టవుతుంది. శిష్యులు శరీరాన్ని ఎత్తుకుపోయారని ఆరోజే పుకారు పుట్టించారు, దానికి మనం బలం చేకూర్చడం ఎందుకు? ట్రిక్కుతో ఒక సత్యాన్ని పోల్చి చెప్పొచ్చు: క్షమాపణ, మాట నిలబెట్టుకోవడం, స్నేహం, శోధన. జరిగిన సంఘటనకు బదులుగా ట్రిక్కును నిలబెట్టకూడదు. మీరు చేసింది క్షమాపణ గురించి కాబట్టి హద్దు దాటలేదు. రంగు నీళ్లు కావడం వల్ల బాబుకు కానా గుర్తొచ్చింది, అంతే.

దీనికి తోబుట్టువు లాంటి జాగ్రత్త ఇంకోటి ఉంది. ట్రిక్ మధ్యలో ప్రార్థన పెట్టకండి. "అందరం కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దాం, కళ్లు తెరిచేసరికి ఏమవుతుందో చూడండి" అని కొందరు చేస్తుంటారు. ఎంత మంచి మనసుతో చేసినా ఇది నాకు అస్సలు నచ్చదు. పిల్లల బుర్రలో ప్రార్థన మంత్రమైపోతుంది, ఆమేన్ అంటే పని జరిగిపోవాలి. రేపు అమ్మమ్మ జబ్బు తగ్గాలని ప్రార్థన చేసి, తగ్గకపోతే? మంత్రదండాలు, అబ్రకదబ్ర మాటలు కూడా మానేయండి. "ఇది చేతి నేర్పు" అని మొదట్లోనే చెప్పి మొదలుపెట్టండి. అలా చెప్పినంత మాత్రాన పిల్లల ఆశ్చర్యం ఏమీ తగ్గదు, చేసి చూడండి.

ఇక మీ సంఘ పెద్ద సంగతి. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం సోదె, శకునాలు, మంత్రవిద్య, చచ్చినవాళ్లతో మాట్లాడించడం లాంటివన్నీ హేయమంటుంది. ఎఫెసులో మాంత్రికులు యేబది వేల వెండి రూకల విలువైన పుస్తకాలను అందరి ముందూ కాల్చేశారని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. చేతబడి భయం నిజంగా ఉన్న ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు మీ క్లాసులోనూ ఉండొచ్చు, వాళ్లకు ఇది ఆటలా అనిపించకపోవచ్చు. అయితే ఆ వాక్యాలు ఖండించేది దేవుణ్ణి పక్కనపెట్టి వేరే శక్తిని ఆశ్రయించడాన్ని, లేదా ఆశ్రయించానని జనాన్ని నమ్మించడాన్ని. సమరయలో సీమోను అనే మాంత్రికుడు తానెవరో గొప్పవాడినని చెప్పుకున్నాడు, జనం అతన్ని దేవుని శక్తి అనుకున్నారు. మీరు విటమిన్ బిళ్ల చేతిలో పెట్టి చూపిస్తుంటే ఆ ప్రమాదం ఎక్కడుంది?

ఈ తేడా ఈనాటిది కాదు. 1584లోనే ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ అనే ఆయన చేతి ట్రిక్కులు ఎలా చేస్తారో విప్పి రాశాడు. అమాయకులను మంత్రగత్తెలని శిక్షించడం తప్పని చెప్పడం ఆ పుస్తకం ఉద్దేశం. ఇటలీలో డాన్ బాస్కో కథ ఇంకా బాగుంటుంది. 1815లో పుట్టిన ఈ కాథలిక్ గురువు చిన్నప్పుడే సంతల్లో ఆటగాళ్లను చూసి గారడీలు, తాడు మీద నడక నేర్చుకున్నాడు. ఊళ్లో పిల్లలను పోగుచేసి ఆట చూపించేవాడు. అయితే ఆట చూడాలంటే ముందు ప్రార్థన చేయాలి, ఆదివారం గుడిలో విన్న ప్రసంగం అతను మళ్లీ చెప్తుంటే వినాలి. చదువుకునే రోజుల్లో అతని ట్రిక్కులు చూసి ఎవరికో అనుమానం వచ్చింది, ఇది దయ్యం పనేమోనని. ఫిర్యాదు ఒక పెద్ద గురువు దాకా వెళ్లింది. ఆయన పిలిచి విచారించబోతే, ఈ కుర్రాడు ఆయన గడియారమూ డబ్బు సంచీ మాయం చేశాడు. ఆ తర్వాత ఎప్పుడు, ఎలా తీశాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. పెద్దాయన నవ్వి వదిలేశారు.

మీరు గడియారం తీయనక్కర్లేదు గానీ, విప్పి చెప్పడం మాత్రం నేర్చుకోండి. క్లాసులో చేయబోయే ప్రతి ట్రిక్కూ ముందుగా మీ సంఘ పెద్ద ముందు, రహస్యంతో సహా, ఆయన చేతే చేయించండి. వాదించి గెలవాలని చూడకండి. అంతా చూశాక కూడా ఆయన మనసు ఒప్పుకోకపోతే ఆపేయండి. రోమా 14 చెప్పేది అదే కదా, సహోదరుడికి అడ్డంగా ఉండే పని మానుకోవడం మేలని. ట్రిక్కులు లేకపోయినా సండే స్కూల్ నడుస్తుంది, సంఘంలో గొడవ పెడితే నడవదు. వేరే విశ్వాసాల ఇళ్ల నుంచి పిల్లలు వస్తుంటే, ఏం నేర్పుతున్నారో వాళ్ల అమ్మానాన్నలకు ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఆటలు అని పిలిచి పాఠం చెప్పడం నిజాయితీ అనిపించుకోదు.

ఎలాంటివి చేయాలని అడిగారు కదా. మీ అయోడిన్ ట్రిక్కుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో ఒక మెలిక ఉంది. రంగు పోయింది గానీ అయోడిన్ ఆ నీళ్లలోనే ఉంది, వేరే రూపంలో. పన్నెండేళ్ల పిల్ల ఎవరైనా స్కూల్లో సైన్సు బాగా చదివి, "అయితే పాపం పోలేదు, కనపడకుండా పోయిందంతే కదా టీచర్?" అంటే ఏం చెప్తారు? దేవుడు మన అతిక్రమాలను తూర్పు పడమరలంత దూరం చేశాడంటుంది 103వ కీర్తన. గ్లాసు అంత దూరం చేయలేదు. అందుకే ట్రిక్ అయ్యాక "ఈ పోలిక ఇక్కడి దాకానే, దేవుడు చేసేది ఇంతకంటే ఎక్కువ" అని మీరే ముందుగా అనేయండి. ప్రతి పోలికా ఎక్కడో ఒకచోట కుంటుతుంది. ఆ చోటు ఇంట్లోనే వెతికి పెట్టుకుని వస్తే క్లాసులో తడబడరు. అన్నట్టు, ఆ నీళ్లు తాగేవి కావు. గ్లాసులు ప్రత్యేకంగా ఉంచుకుని, క్లాసు అవ్వగానే పారబోయండి. బట్టల మీద పడితే మరక పడుతుంది.

రంగుల గురించి ఇంకో మాట. మాటలు లేని పుస్తకం అని నలుపు, ఎరుపు, తెలుపు పేజీలతో సువార్త చెప్పే పద్ధతి 1866లో ఇంగ్లండు బోధకుడు స్పర్జన్ ప్రసంగంతో మొదలైంది. తర్వాత బంగారు రంగు, ఆకుపచ్చ చేరాయి. చాలా ట్రిక్కులు ఈ రంగుల మీదే నడుస్తాయి: నల్ల రుమాలు సంచిలో వేస్తే తెల్లగా వస్తుంది. నేనైతే నలుపును పాపానికి గుర్తుగా వాడవద్దంటాను. చామనఛాయ పిల్లలు, నల్లటి పిల్లలు మీ ముందే కూర్చుని ఉంటారు. స్కూల్లో ఒంటి రంగు మీద మాటలు పడుతున్న పిల్లకు "నల్లది పాపం, తెల్లది పరిశుద్ధం" అని వినిపిస్తే అది ఎక్కడికి పోయి తగులుతుందో ఆలోచించండి. మరకలు పడ్డ గుడ్డ, శుభ్రమైన గుడ్డ చాలు, పాఠం ఏమీ తగ్గదు.

నన్నడిగితే మొదట కాగితం చుట్టలు చేయండి. వేలి పొడవంత వెడల్పు, మీ రెండు చేతులు చాపినంత పొడవు ఉన్న మూడు కాగితపు పట్టీలు తీసుకోండి. మొదటిదాన్ని మామూలుగా చుట్టి అంటించండి. రెండోదాన్ని అంటించే ముందు ఒక కొసను సగం మెలి తిప్పండి. మూడోదాన్ని పూర్తి మెలి తిప్పండి. ఇప్పుడు మూడింటినీ నడిమధ్యలో పొడవునా కత్తిరించుకుంటూ పోవాలి. మొదటిది రెండు విడి చుట్టలవుతుంది. రెండోది విడిపోకుండా రెండింతలు పెద్దదైన ఒకే చుట్టవుతుంది. మూడోది ఒకదానిలో ఒకటి చిక్కుకున్న రెండు చుట్టలవుతుంది. ఇందులో మోసం ఇసుమంత లేదు, ఉన్నదంతా లెక్క. ఆ సగం మెలిక చుట్టను మోబియస్ అనే జర్మన్ గణిత శాస్త్రవేత్త పేరుతో పిలుస్తారు, 1858లో గుర్తించారు. దావీదు, యోనాతానుల స్నేహం చెప్పేటప్పుడు మూడో చుట్ట చూడండి, యోనాతాను ప్రాణం దావీదు ప్రాణంతో పెనవేసుకుందన్న మాట పిల్లలకు కళ్ల ముందు కనిపిస్తుంది. కత్తెర పట్టగలిగిన ప్రతి పిల్లా తానే చేసుకోవచ్చు. దాచాల్సింది ఏమీ లేదు కాబట్టి మీ పెద్దాయనకూ అభ్యంతరం ఉండదు.

రెండోది నోటుపుస్తకం. ఒక పేజీ విడిచి ఒక పేజీ అంచును పిసరంత తగ్గించి కత్తిరిస్తే, బొటనవేలితో జరజరా తిప్పినప్పుడు పేజీలు జంటలుగా పడతాయి. ముందు నుంచి తిప్పితే ఒక వరుస బొమ్మలు, వెనక నుంచి తిప్పితే ఇంకో వరుస కనిపిస్తాయి. ఒక వరుసలో చిందరవందర గీతలు, ఇంకో వరుసలో రంగుల బొమ్మలు వేసుకోండి. క్రీస్తులో నూతన సృష్టి అనే పాఠానికి (2 కొరింథీ 5:17) ఇది బాగా నప్పుతుంది. అద్దం ముందు బాగా సాధన చేయండి.

నీళ్ల మీద మిరియాల పొడి చల్లి, సబ్బు అంటిన వేలు పెడితే పొడి అంచులకు పరిగెత్తడం మీరు చూసే ఉంటారు. నీటి పైపొర బిగువు సబ్బు తగిలిన చోట తగ్గడం వల్ల అలా జరుగుతుంది. "అపవాదిని ఎదిరించుడి, వాడు పారిపోవును" అనే యాకోబు మాటకు సరిపోతుంది, చిన్నపిల్లలు భలే నవ్వుతారు.

బుడగలోకి పుల్ల గుచ్చినా పగలని ట్రిక్ విషయంలో మాత్రం ఆలోచించండి. ముడి దగ్గర, దానికి సరిగ్గా ఎదురు కొసన రబ్బరు అంతగా సాగదు, అక్కడ మెల్లగా గుచ్చితే పగలదు. దీన్ని చూపించి "దేవుడు తోడుంటే నీకు ఏ దెబ్బా తగలదు" అని చెప్పేవాళ్లున్నారు. బైబిల్ అలా చెప్పలేదు. పౌలు దెబ్బలు తిన్నాడు, స్తెఫను రాళ్ల కింద చనిపోయాడు. ఇంట్లో తండ్రిని పోగొట్టుకున్న పిల్ల మీ ముందు కూర్చుని ఉంటే, ఆ మాట ఆమెకు అబద్ధంలా వినిపిస్తుంది, లేదా తన కుటుంబం మీద నేరం మోపినట్టు వినిపిస్తుంది. పైగా పగిలిన బుడగ ముక్కలు చిన్నపిల్లల గొంతులో అడ్డం పడతాయి. మూడు తాళ్లు ఒక్కటయ్యే ట్రిక్కుతో త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కడే దేవుడు అన్న బోధ) చెప్పడం కూడా వద్దు. ఒకటే తాడు మూడు రూపాల్లో కనిపించినట్టో, మూడు ముక్కలు అతికించినట్టో అర్థమవుతుంది. సంఘం శతాబ్దాల క్రితమే ఆ రెండూ తప్పని తేల్చింది.

అయిదారేళ్ల వాళ్లకు పోలికలు అంతగా ఎక్కవని గుర్తుంచుకోండి. గ్లాసు అంటే వాళ్లకు గ్లాసే, హృదయం కాదు. వాళ్లకు కథ, పాట, కాగితం చుట్ట చాలు. ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లతోనే పోలికను విడమరిచి మాట్లాడండి. ట్రిక్కును కథకు ముందు పెట్టకండి. కథ చెప్పి, వాక్యం చదివించి, అర్థం తేలాల్సిన చోట చేయండి, రెండు నిమిషాల్లో ముగించండి. ఆ తర్వాతి వారం "పోయిన వారం ఏం నేర్చుకున్నాం?" అని అడగండి. "గ్లాసు తెల్లగా అయింది" అని మాత్రమే వస్తే ఆ ట్రిక్ పాఠాన్ని మింగేసిందని లెక్క, దాన్ని పక్కన పెట్టేయండి. నెలకు ఒకటి మించితే పిల్లలు వాక్యం కోసం కాకుండా ఆట కోసం వస్తారు. సహాయానికి పిల్లవాడిని పిలిస్తే వాడిని నవ్వులపాలు చేసే ట్రిక్ వద్దు, చెవిలోంచి నాణెం తీసే నెపంతో ముట్టుకోవడమూ వద్దు.

రహస్యం సంగతి: మ్యాజిక్ చేసేవాళ్లు చెప్పకూడదంటారు, అది వాళ్ల వృత్తి ధర్మం. మీది వేరే పని. సైన్సు మీద నడిచేవన్నీ చెప్పేయండి. నోటుపుస్తకం లాంటివి కొంతకాలం దాచినా ఫర్వాలేదు, కానీ "ఇది నిజంగా ఎలా అయింది టీచర్?" అని ఎవరైనా మనసులో కలత పెట్టుకుని అడిగితే వెంటనే చూపించండి. పదేళ్లు దాటిన వాళ్లకు నేర్పించి, చిన్నవాళ్ల ముందు వాళ్లచేతే చేయించండి. పాఠం చెప్పాల్సిన బాధ్యత వాళ్ల మీద పడితే వాళ్లే వాక్యం బాగా చదువుకొస్తారు.

కిట్లు ఇప్పుడే కొనకండి. వాటిలో సగం రంగు మార్చే సంచులు, అరలున్న పెట్టెలే ఉంటాయి. వాటితోపాటు వచ్చే చీటీలో పాఠం కూడా అచ్చు వేసి ఇస్తారు, చాలాసార్లు అది వాక్యానికి అతికీ అతకనట్టు ఉంటుంది. కాగితాలు, కత్తెర, జిగురు, ఒక పాత నోటుపుస్తకంతో మొదలుపెట్టండి. వచ్చే ఆదివారానికి అవి కూడా అక్కర్లేదు, అయోడిన్ సీసా, విటమిన్ బిళ్ల తీసుకుని వెళ్లి ఆ బాబుకు జవాబు చెప్పండి. వీలైతే సంఘ పెద్దను కూడా ఆ క్లాసుకు పిలవండి.